జేబులో ఫ్యూజు

ధారావాహిక: తొమ్మిదో వారం

శంషాబాద్ దాటి షాద్‌నగర్ వైపు పోయే రోడ్డు పక్కన ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ. మూడు వారాల కిందట ఆదివారం, మెషిన్ల మెయింటెనెన్సు రోజున, ఫిట్టర్ దశరథం కుడిచేతి నాలుగు వేళ్లు అక్కడి ఇనుప రోలర్ల మధ్య పోయాయి. బొటనవేలు మిగిలింది. మెషిన్ ఆపకుండా చెయ్యి పెట్టాడని ఫ్యాక్టరీ చెప్పింది. దవాఖానలో అదే రాసుకున్నారు. జ్వరంలో దశరథం కూడా అదే అన్నాడు. ఆ తప్పు ఒప్పుకుంటూ ఒక కాగితం మీద వేలిముద్ర వేయడానికి రమ్మని మేనేజరు జగన్మోహనరావు కబురు పంపాడు. శనివారం మధ్యాహ్నం, దవాఖాన నుంచి మూటగట్టి తెచ్చిన రక్తపు అంగిని పారేయడానికి చేతులు రాక, అతని భార్య రుక్కమ్మ దాన్ని నీళ్లలో నానబెట్టింది. ఉతుకుతుంటే జేబు దగ్గర ఆమె వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది.

తెల్ల పింగాణీ ఫ్యూజు. అరచేతిలో పట్టేంత. రెండు చివర్లా ఇత్తడి నాలుకలు.

రుక్కమ్మ దాన్ని కొంగుతో తుడిచి మొగుడి ముందు పెట్టింది.

"ఇదేంది? మిషిన్‌ది కాదా ఇది?"

దశరథం దాన్ని ముట్టుకోలేదు.

ఆ ఫ్యాక్టరీ ఫిట్టర్లకు ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసింది కాదు. మెషిన్‌లో చెయ్యి పెట్టేవాడు ముందు బోర్డు దగ్గరికి పోయి, ఆ మెషిన్ ఫ్యూజు పీకి, తన అంగి జేబులో వేసుకోవాలి. చెయ్యి ఎవడిదో ఫ్యూజు వాడి దగ్గరే ఉండాలి. ఇంకొకడికి ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టకూడదు. ఆ తరువాత, లోపలికి వంగే ముందు, ఒక కేక వేయాలి. "బోర్డు కాడ ఎవలున్నరు?" అక్కడ నిలబడినవాడు "నేనున్న" అనాలి. ఆ మాట వినబడ్డాకే మోచెయ్యి లోపలికి పోవాలి. ఈ పద్ధతి పెట్టింది దశరథమే. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం అలాగే చేశాడు. కింద పని నేర్చుకున్నవాళ్లందరికీ అదే నేర్పాడు.

రోలర్ మెషిన్ విషయంలో ఆ పద్ధతి మరీ అవసరం. దాని స్టార్టర్ బటన్ ఏడాదిగా జిగురు పట్టి లోపలికే ఇరుక్కుపోయి ఉంది. ఫ్యూజు పెడితే చాలు, ఎవరూ నొక్కకుండానే రోలర్లు తిరుగుతాయి. కొత్త బటన్ కావాలని దశరథం మూడుసార్లు రాసిచ్చాడు. చూద్దామన్నారు.

ఆ ఆదివారం గురించి అతనికి గుర్తున్నది కొంచెమే. పొద్దున టీ. రోలర్ల పళ్లలో ఎండిన జిగురు, దాన్ని గీకడానికి పట్టుకున్న రేకుముక్క. తరువాత లారీ క్యాబిన్, తన దగ్గర పని నేర్చుకున్న మల్లేశ్వర్ ఒడిలో తన తల, గాలికి కొట్టుకుంటున్న కిటికీ తెర. ఆ రెండింటి మధ్యా ఏమీ లేదు. ఫ్యూజు తీశాడో లేదో, కేక వేశాడో లేదో, ఎవరైనా పలికారో లేదో. "మనసు కొన్ని గడియలను మింగేస్తుంది, తవ్వకు" అన్నాడు దవాఖానలో డాక్టరు. దశరథం తవ్వలేదు. ఆ ఖాళీలో అందరూ కలిసి ఒక మాట పెట్టారు: తప్పు నీదే. అతను దాన్ని తీసుకున్నాడు.

తప్పు నాదే అనుకోవడంలో ఒక నిద్ర ఉంది. ఎవరి మీదా కోపం తెచ్చుకోనక్కర్లేదు. లోకం ఎక్కడిదక్కడ ఉంటుంది. మెషిన్ మంచిది, మేనేజరు మంచివాడు, పని మంచిది, నేనొక్కడినే ఆ ఒక్క నిమిషం పాడయ్యాను. మూడు వారాలు అతను ఆ నిద్రలోనే ఉన్నాడు. లేని నాలుగు వేళ్లు కూడా అన్నాళ్లూ నిద్రపోతున్నట్టే ఉండేవి, గోరువెచ్చటి నీళ్లలో వదులుగా తేలుతున్నట్టు. లేని వేళ్లు ఉన్నట్టు అనిపించడం మామూలేనని డాక్టరు ముందే చెప్పాడు.

ఫ్యూజు చూసినప్పటి నుంచి ఆ వేళ్లు ముడుచుకున్నాయి. పిడికిలి బిగిసింది. లేని గోళ్లు అరచేతిలోకి దిగుతున్నాయి. విప్పుదామంటే విప్పడానికి అక్కడ ఏమీ లేదు.

*

ఆదివారం పొద్దున సెవెన్ సీటర్ ఆటోలో కూర్చున్నాక డ్రైవరు అద్దంలోంచి కట్టు చూశాడు.

"ఏమైందన్నా చేతికి?"

"కంపెనోళ్లు ఉంచుకున్నరు," అంది రుక్కమ్మ. "ఏడ పెట్టుకున్నరో అడుగబోతున్నం."

డ్రైవరు నవ్వాలో వద్దో తెలియక హారన్ కొట్టాడు. కాసేపయ్యాక, ఈ చుట్టుపక్కల విమానాలు దిగే జాగ చూస్తున్నారంట, జీపులేసుకుని సార్లు తిరుగుతున్నారంట అని మాట మార్చాడు.

"ఆదివారమే ఎందుకు రమ్మన్నడు?" అంది రుక్కమ్మ, మొగుడి చెవి దగ్గర.

"షెడ్డు ఖాళీగుంటది."

"గదే. నలుగురుంటే ఏలు నిశాని ఎయ్యమనే మొఖం ఉండాలె గద." ఆమె అతని అంగి జేబు మీద చెయ్యి వేసి చూసింది. ఫ్యూజు ఉంది. "నువ్వు అడుగకపోతే నేనడుగుత. ముందే చెప్తున్న."

"నేనే అడుగుత."

"నువ్వు సారు అనంగనే నీ మెడ వంగుతది. పన్నెండేండ్లాయె చూడబట్టి."

అతను కిటికీ లేని ఆటో పక్కనుంచి రోడ్డు చూశాడు. బెంగళూరు లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. ఆమె అన్నది నిజం. మెడ వంగడం అతనికి బరువుగా ఎప్పుడూ అనిపించలేదు. అదొక అలవాటు, తలుపు చిన్నదైన ఇంట్లో పెరిగినవాడు ప్రతి గుమ్మం దగ్గరా వంగినట్టు.

*

జగన్మోహనరావు లేచి నిలబడ్డాడు. అది కొత్త. పన్నెండేళ్లలో అతను దశరథం కోసం కుర్చీలోంచి లేవలేదు.

"రా దశరథం, కూర్చో. ఎలా ఉంది నొప్పి? మందులు వేసుకుంటున్నావా? అమ్మా, మీరు బయట బెంచీ మీద కూర్చోండి, ఫ్యాను ఉంది."

"నాకు ఈడనే గాలొస్తుంది సారు," అంది రుక్కమ్మ. గోడకు ఆనుకుని నిలబడింది.

జగన్మోహనరావు యాభై దాటిన మనిషి. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లైంది. మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. తిట్టేటప్పుడు కూడా పదాలు శుభ్రంగా ఉంటాయి. టేబుల్ మీద అద్దం, అద్దం కింద దేవుడి బొమ్మ, దాని పక్కనే సోమవారం పంపాల్సిన లోడ్ల జాబితా.

"నీకు ఏ లోటూ రానివ్వను. యజమానితో మాట్లాడేశాను. గేటు దగ్గర ఉద్యోగం. కూర్చుని చేసేది. వచ్చేపోయే లారీల నంబర్లు చూడటం, అంతే. బతికున్నన్నాళ్లూ నీదే." కాగితం ముందుకు జరిపాడు. "ఇది మామూలు రూలు. ప్రమాదం ఎలా జరిగిందో రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఊరుకోడు."

కాగితం ఇంగ్లీషులో ఉంది.

"ఏం రాసిండ్రు సారు?"

"జరిగిందే. మెషిన్ ఆపకుండా, సూపర్‌వైజరుకు చెప్పకుండా, నా అజాగ్రత్త వల్ల..." జగన్మోహనరావు చివరి మాట దగ్గర గొంతు తగ్గించాడు, చావు కబురు చెప్పేవాడిలా. "భాష అలాగే ఉంటుందయ్యా. పట్టించుకోకు." సిరా అద్దే పెట్టె తెరిచి కాగితం పక్కన పెట్టాడు. "కుడిచెయ్యి ఎటూ వీలుకాదు. ఎడమ బొటనవేలు చాలు."

ఊదారంగు సిరా తడి మెరుస్తోంది. దశరథం దాన్నే చూశాడు. ఎడమచేతి బొటనవేలు దానికదే లోపలికి ముడుచుకుంది.

"నేను ఏడో తరగతి చదివిన సారు."

"తెలుసు."

"హాజరు బుక్కుల పన్నెండేండ్లు సంతకం పెట్టిన. ముందు ద రాసి, కింద గీత కొట్టి. నా జిందగీల నిశాని ఎయ్యలే. మా బాపు ఏసేటోడు. ఆ సిరా ఇంటికొచ్చి బండకు రాస్తుంటే చూసిన. నేను ఎయ్యొద్దనే చదువుకున్న."

"అయ్యో, అలా అనుకుంటావేంటి? ఎడమచేత్తో నిదానంగా రాయి మరి. సంతకం లాగా ఉంటే చాలు."

"ఏలు తీసుకున్నోళ్లు ఏలిముద్ర అడుగుతున్నరు," అంది గోడ దగ్గర్నుంచి రుక్కమ్మ. "ఇంకొక్కటి మిగిలిందని గుర్తుపెట్టుకున్నరు. మంచిగనే లెక్క పెట్టిండ్రు సారు."

"అమ్మా, మీ బాధ నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు?"

జగన్మోహనరావు పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

అప్పుడు దశరథం ఎడమచెయ్యి జేబులో పెట్టి ఫ్యూజు తీసి అద్దం మీద పెట్టాడు. గాజు మీద పింగాణీ చిన్నగా మోగింది.

"రక్తపు అంగి కీసల దొరికింది సారు. నేను తీసిన. తీసి పెట్టుకున్న. ఇది నా కీసలుంటే మిషిన్ ఎట్ల తిరిగింది?"

జగన్మోహనరావు ఫ్యూజును చూడలేదు. అది దశరథం గమనించాడు. ఎవరైనా సరే, ముందు చప్పుడైన వస్తువును చూస్తారు. ఇతని చూపు మాత్రం టేబుల్ కుడివైపు సొరుగు మీదికి జారి, కాలినట్టు వెనక్కి వచ్చింది. మెషిన్ ఎక్కడ పట్టేస్తోందో చూడకుండానే చెప్పగలిగినవాడికి ఆ ఒక్క కదలిక చాలు.

"ఆ సొరుగుల ఏమున్నది సారు?"

"ఏ సొరుగు?"

"ఇప్పుడు చూసిన్రు గద, గది."

ఫ్యాను తిరుగుతోంది. కాగితం మూల లేచి పడుతోంది. జగన్మోహనరావు ముఖంలో ఏదో నిర్ణయమైంది. భయపడ్డవాడి ముఖం కాదది. ఇక మెత్తదనం అవసరం లేదనుకున్నవాడి ముఖం. సొరుగు తాళం తీసి, లోపలి నుంచి ఇంకొక ఫ్యూజు తీసి, మొదటిదాని పక్కన పెట్టాడు.

దాని నడుమున ఎర్ర రంగు పట్టీ. ఇత్తడి నాలుక మీద మేకుతో గీసిన ఒక అక్షరం. ద.

"ఇది ఎవరి చేతిపని దశరథం?"

రుక్కమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. మొగుడి ముఖం చూసింది.

రెండేళ్ల కిందటి వానాకాలం. ఆదివారం పని మధ్యలో కబురొచ్చింది, మహేశ్వరం దగ్గర ఊళ్లో మేనమామ పోయాడని. అంగి మార్చకుండా బస్సెక్కాడు. జేబులో ఫ్యూజు ఉండిపోయింది. సోమవారం పొద్దున అది లేక షిఫ్టు మొత్తం నిలబడింది. ఫ్యాక్టరీ మనిషి ఒకడు సైకిలేసుకుని అంత దూరం వచ్చి, పాడె పక్కన నిలబడినవాడి జేబులోంచి అడిగి తీసుకుపోయాడు. మర్నాడు ఇదే గదిలో జగన్మోహనరావు శుభ్రమైన పదాలతో అతన్ని తిట్టాడు. నీ పద్ధతి నీ ప్రాణం కాపాడుతుందేమో గానీ ఫ్యాక్టరీ ప్రాణం తీస్తుంది అన్నాడు. దశరథం సిగ్గుతో కుంగిపోయాడు. వారం రోజులు భోజనాల వేళ కూర్చుని, పాత పింగాణీ ముక్క ఒకటి వెతికి, ఇత్తడి నాలుకలు కోసి, రాకి, అతికి, మారు ఫ్యూజు తయారుచేశాడు. ఎర్ర పట్టీ వేశాడు. తన అక్షరం గీశాడు. ఇంకెప్పుడూ షిఫ్టు ఆగదు సారూ అని తెచ్చి ఇచ్చాడు. జగన్మోహనరావు అతని భుజం తట్టాడు.

ఆ తట్టడం ఇప్పుడు భుజం మీద మళ్లీ తగిలింది. ఆ రోజు ఇంటికి పోతూ ఎంత సంతోషపడ్డాడో కూడా. రెండేళ్లలో ఒక్కసారి కూడా అది గుర్తు రాలేదు. మూడు వారాల్లో, మెషిన్ ఎలా తిరిగి ఉంటుందా అని ఒక్కసారైనా అడుగుతూ పోతే ఈ సొరుగు దగ్గరికే వచ్చేవాడు. అందుకే అడగలేదు కాబోలు. మనసు ఒక్క ఆదివారాన్నే మింగలేదు. దాని వెనుక ఈ వానాకాలాన్ని కూడా మింగింది.

"నువ్వే చేసి ఇచ్చావు," జగన్మోహనరావు గొంతు మళ్లీ మెత్తబడింది. "నేను అడగలేదు. ఇప్పుడు చెప్పు, తప్పు ఎవరిది?"

ఆ నిద్ర మళ్లీ పిలిచింది. వచ్చి పడుకో అంది. తలుపు తెరిచే ఉంది. మెడ సగం వంగింది కూడా. కానీ కట్టు లోపల లేని పిడికిలి వదల్లేదు. అది ఇంకా బిగిసి, నొప్పి మోచేతి దాకా పాకింది. దశరథానికి ఆ క్షణాన ఒకటి అర్థమైంది. తన తల ఒప్పుకున్నా తన చెయ్యి ఒప్పుకోవడం లేదు.

"చేసిన," అన్నాడు. "నేనే చేసిన. సోమవారం మిషిన్ ఆగొద్దని చేసిన. చెయ్యి లోపలుంటే పెట్టుండ్రి అని చెయ్యలే." తలెత్తాడు. "చేసింది నేను. పెట్టింది ఎవలు?"

"నేనైతే కాదు."

"సొరుగు నీది," అంది రుక్కమ్మ. సారు అనలేదు. "తాళం నీది. తోలించుకునే లోడు నీది. నీది కానిది ఆ చెయ్యి ఒక్కటే."

"కాస్త మర్యాదగా మాట్లాడమను దశరథం."

"తాళంచెవి ఎవలకిచ్చిన్రు?"

జగన్మోహనరావు పెన్ను మూత తీసి, పెట్టి, చివరికి పెన్నును టేబుల్ మీద వదిలేశాడు.

"సోమవారం పొద్దున్నే లోడు వెళ్లాలి. ఆదివారం పదింటికల్లా రోలర్లు తిరగాలి అని చెప్పాను. ఫ్యూజు దశరథం దగ్గర ఉందండీ అన్నాడు. సొరుగులో ఇంకొకటి ఉందయ్యా అన్నాను. అంతే. తాళంచెవి ఇచ్చాను. నువ్వు లోపల ఉన్నావో బయట ఉన్నావో చూసుకోవలసింది వాడు."

"ఎవడు?"

"మల్లేశ్వర్."

జగన్మోహనరావు కాగితం తిప్పి, వెనుకవైపు కింద వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఇంగ్లీషు కాదు. తెలుగులో ఒక సంతకం. వ ఒత్తు కింద కొక్కెంలా వంకర తిరిగిన గీత. ఆ గీత అలా కొట్టడం దశరథం చూసి నవ్వేవాడు, సంతకంలో కూడా చేపలు పట్టుకుంటావురా అని.

"సాక్షి. మెషిన్ నడుస్తుండగా నువ్వు చెయ్యి పెట్టడం కళ్లారా చూశానని." జగన్మోహనరావు ముందుకు వంగాడు. "ఆలోచించు. నువ్వు కేసంటే, ఇన్‌స్పెక్టరంటే, పోలీసులు పట్టుకెళ్లేది వాడిని. నన్ను కాదు. ఫ్యూజు పెట్టిన చెయ్యి వాడిది. నీ దగ్గర పని నేర్చుకున్నవాడు. ముగ్గురు పిల్లలు. నువ్వు వేలు అద్దితే నీకు గేటు దగ్గర కుర్చీ, వాడికి వాడి ఇల్లు. ఇద్దరూ బాగుంటారు."

మల్లేశ్వర్ దవాఖానకు రోజూ వచ్చాడు. బత్తాయిలు వలిచి, తొనలు గింజలు తీసి నోట్లో పెట్టాడు. తల దువ్వాడు. ఎప్పుడు వచ్చినా మంచానికి ఎడమపక్కనే కూర్చునేవాడు. స్టూలు కుడిపక్కన ఉంటే ఎత్తుకుని చుట్టూ తిరిగి ఇటు తెచ్చుకునేవాడు. కట్టు ఉన్న వైపు ఒక్కరోజు కూడా రాలేదు. దశరథం దాన్ని ప్రేమ అనుకున్నాడు. చూసి తట్టుకోలేడు పాపం అనుకున్నాడు. అది ప్రేమ కూడా అయి ఉండొచ్చు. అదే ఎక్కువగా కాల్చింది.

"మల్లేశ్ ఏడున్నడు?"

జగన్మోహనరావు కిటికీ వైపు చూశాడు. "షెడ్డులో. ఇవాళ ఆదివారం కదా. నీ పని వాడే చేస్తున్నాడు. వెళ్లి అడుగు. నేను చెప్పింది అబద్ధమైతే వచ్చి చెప్పు."

దశరథం లేచాడు. సిరా పెట్టె మూత ఎడమచేత్తో మూసేశాడు. అద్దం మీద ఉన్న రెండు ఫ్యూజుల వైపు జగన్మోహనరావు చెయ్యి నెమ్మదిగా కదిలింది. రుక్కమ్మ చెయ్యి ముందే పడింది. తెల్లదాన్ని లాక్కుని మొగుడి జేబులో వేసి, పైనుంచి గట్టిగా అదిమింది.

"మనది మన దగ్గరుండాలె. ఎర్రది ఉంచుకో సారు, నీకు పనికొస్తది." రెండో చేత్తో కాగితం కూడా తీసుకుంది. దశరథం లేచిన కుర్చీలో కూర్చుని, దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఇది నేనియ్య. పో, నువ్వు పోయి అడిగిరా. ఈ సారు నువ్వొచ్చేదాంక ఏడికి పోడు."

"అది కంపెనీ కాగితం, ఇలా ఇవ్వమ్మా."

"గుంజుకుంటవా? గుంజుకో. బయట వాచుమన్ రాజయ్య ఉన్నడు. ఆడోళ్ల ఒళ్లకెల్లి ఏం గుంజుతున్నవో ఆయనకు చెప్పు."

*

ఆఫీసు నుంచి షెడ్డుకు అరవై అడుగులు. ఆ దూరం అతను కొన్ని వేలసార్లు నడిచాడు.

తన కోపాన్ని ఎవరో పట్టి, ముఖం తిప్పి, ఒక వైపుకు నెట్టారని అతనికి తెలుసు. నెట్టిన చెయ్యి వెనుక ఆ గదిలో ఉందని తెలుసు. మల్లేశ్వర్ ఒక మాట విని ఒక ఫ్యూజు పెట్టాడు. ఆ మాట అన్నవాడు ఇప్పుడు కూడా ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఇదంతా నడుస్తూ నడుస్తూ స్పష్టంగా అనుకున్నాడు. అనుకుంటూనే నడిచాడు. తెలియడం ఒక చోట జరుగుతోంది, నడవడం ఇంకొక చోట. రెండింటికీ మధ్య ఫ్యూజు ఎవరో పీకేశారు.

మేనేజరు మీద కోపం పెద్దది, కానీ దానికి ముఖం లేదు. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. బత్తాయి తొనలు పెట్టినవాడి మీద కోపానికి ముఖముంది, గొంతుంది, సంతకం కింద కొక్కెముంది.

షెడ్డు లోపల నీడగా ఉంది. పిండి జిగురు పులిసిన వాసన. ఆదివారం కాబట్టి ఏ మెషినూ పలకడం లేదు. రోలర్ మెషిన్ దగ్గర ఒక వీపు. మల్లేశ్వర్ రేకు మూత కింద తల దూర్చి, వంగి, కుడిచెయ్యి రోలర్ల మధ్య పెట్టి గీకుతున్నాడు. గరగరమని చప్పుడు. ఎండిన జిగురు పెచ్చులు కింద రాలుతున్నాయి. రోలర్ల మీది రక్తాన్ని ఎవరో శుభ్రంగా తుడిచారు. ఏ గుర్తూ లేదు.

దశరథం మల్లేశ్ అని పిలుద్దామనుకున్నాడు. కాళ్లు మాత్రం అటు పోలేదు. ఎన్నో ఏళ్ల అలవాటున షెడ్డులోకి రాగానే ముందు పోయే చోటికే పోయాయి.

బోర్డు.

మూడు మెషిన్ల ఫ్యూజులుండే వరుసలో మధ్యది, రోలర్ మెషిన్‌ది, లేదు. ఖాళీ గాడిలో పైనా కిందా ఇత్తడి పళ్లు, నోరు తెరుచుకుని. పక్కనే స్టార్టర్, బటన్ లోపలికి ఇరుక్కునే ఉంది. నాలుగు వేళ్లు పోయాక కూడా దాన్ని మార్చలేదు. తనది పోయాక కొత్తగా తెచ్చి పెట్టిన ఆ ఫ్యూజు ఎక్కడుందో చూడనక్కర్లేదు. మల్లేశ్వర్ జేబులో ఉంటుంది. నేర్పింది తనే. చెయ్యి ఎవడిదో ఫ్యూజు వాడి దగ్గర.

అడుగుల చప్పుడు విన్నట్టున్నాడు. రేకు మూత కింద నుంచి, వెనక్కి తిరగకుండా, మల్లేశ్వర్ కేక వేశాడు.

"బోర్డు కాడ ఎవలున్నరు?"

ఆ కేకతో దశరథంలో ఏదో తెరుచుకుంది. మూడు వారాల ఖాళీ ఒక్కసారిగా నిండింది. ఇదే జిగురు వాసన. ఇదే చీకటి రేకు కింద. తన గొంతు ఇదే మాట అడగడం. ఒక క్షణం ఏ జవాబూ లేకపోవడం. తరువాత వెనుక నుంచి, చాలా దగ్గరగా, నమ్మకంగా, రోజూ వినే మల్లేశ్వర్ గొంతు.

నేనున్న అన్నా. పెట్టు.

ఆ మాట విని తను చెయ్యి లోపలికి పెట్టాడు.

కట్టు లోపల పిడికిలి బిగుసుకుంది, ఎముక విరిగేంతగా. అతని ఎడమచేతిలో తెల్ల ఫ్యూజు ఉంది. జేబులోంచి ఎప్పుడు తీశాడో అతనికి గుర్తులేదు. ఇత్తడి నాలుక గాడి అంచుకు తగిలి సన్నగా చప్పుడు చేసింది. ఇంకొక అంగుళం. నొక్కడానికి బొటనవేలు చాలు.

"ఎవలన్నా ఉన్నరా?" మల్లేశ్వర్ మళ్లీ అరిచాడు. గొంతులో చిన్న చిరాకు, చిన్న భయం. "అరె, పలుకుండ్రి."

దశరథం నోరు తెరిచాడు. మాట దానికదే వచ్చింది. పన్నెండేళ్ల మాట.

"నేనున్న."

రేకు కింద గీకడం ఆగింది. ఒక్క క్షణం. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టాడో, ఆదివారం పూట వచ్చే ఇంకెవరిదో అనుకున్నాడో తెలియదు. తరువాత మల్లేశ్వర్ కాలు ముందుకు వేసి, భుజం వంచి, రెండో చెయ్యి కూడా రోలర్ల మధ్యకు పోనిచ్చాడు.